సర్వరు మొరాయిస్తే.. పట్టా పరిస్థితేంటి?

డేటాబేస్ మార్పిడిలో అడుగు తప్పితే అన్నదాతకే అవస్థ
మరమ్మతు కంటే ముందస్తు సరిచూపే మేలు

చెన్నూరు: ‘సర్వరు డౌన్’ అన్న రెండు మాటలు తహసీల్దారు కార్యాలయాల మెట్లెక్కే రైతులకు కొత్త కావు. స్లాటు తీసుకుని, రుసుము చెల్లించి, సాక్షులను వెంటబెట్టుకుని వచ్చిన రోజునే తెర మీద చక్రం తిరుగుతూ నిలిచిపోవడం మంచిర్యాల జిల్లాలోనే కాదు, రాష్ట్రమంతటా అనుభవంలో ఉన్న సంగతే. అయితే రద్దీ వల్ల సర్వరు గంటసేపు నెమ్మదించడం వేరు, భూముల వివరాలన్నీ దాచిన డేటాబేస్‌నే పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కు మార్చే క్రమంలో పని చెడటం వేరు. మొదటిది ఓపికకు పరీక్ష. రెండోది హక్కుకే పరీక్ష.

ఈ రెండో ప్రక్రియ రాష్ట్ర రైతాంగానికి నేరుగా పరిచయమైంది 2024 డిసెంబరులో. డేటాబేస్ వెర్షన్ అప్‌గ్రేడ్ నిమిత్తం ధరణి పోర్టల్ సేవలను ఆ నెల 12న సాయంత్రం 5 గంటల నుంచి 16న ఉదయం వరకు నిలిపివేస్తున్నట్లు అధికారులు ముందుగా ప్రకటించారు. 12వ తేదీ గురువారం. 14వ తేదీ రెండో శనివారం, మరునాడు ఆదివారం. అంటే దాదాపు మూడున్నర రోజుల విరామంలో పూర్తిగా కోల్పోయిన పనిదినం శుక్రవారం ఒక్కటే. పని తక్కువగా ఉండే రోజులను ఎంచుకోవడం, ముందుగా చెప్పడం, గడువు పెట్టుకోవడం ఏ డేటాబేస్ మార్పిడికైనా తొలి సూత్రాలు. గడువులోగా పని పూర్తికాకపోతే ఏం చేయాలన్నది వాటికంటే ముఖ్యమైన సూత్రం. దాని గురించి మాత్రం బహిరంగ చర్చ జరిగింది తక్కువే.

చెన్నూరు దస్త్రాల సుదీర్ఘ ప్రయాణం

గోదావరి ఉత్తరవాహినిగా సాగే చెన్నూరు ప్రాంతంలో భూమి దస్త్రం ఒకచోట కుదురుగా ఉన్నది తక్కువ. తెలంగాణలో నేటికీ వివాదం వచ్చినప్పుడల్లా తిరగేసే 1954-55 నాటి ఖాస్రా పహాణీ కాగితం మీదిది. అక్కడి నుంచి ఏటా రాసే పహాణీలకు, ఉమ్మడి రాష్ట్రంలో కంప్యూటర్ నమోదులకు వివరాలు చేరాయి. 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ జిల్లా నాలుగుగా విడిపోయి మంచిర్యాల జిల్లా ఏర్పడటంతో చెన్నూరు, కోటపల్లి, జైపూర్ మండలాల భూములన్నిటికీ జిల్లా పేరు మారింది. భీమారం కొత్త మండలమైంది. ప్రజల దృష్టిలో ఇది బోర్డు మార్పు. డేటాబేస్ దృష్టిలో వేలాది వరుసల్లో జిల్లా, మండలం సంకేతాల మార్పు.

ఆ తర్వాత 2017 సెప్టెంబరు 15న భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2018 మే 10 నుంచి కొత్త పట్టాదారు పాసుపుస్తకాలు, రైతుబంధు చెక్కులు కలిపి పంపిణీ చేశారు. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమై, నవంబరు 2 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు కార్యాలయాల్లోనే జరగసాగాయి. 2024 డిసెంబరు 1 నుంచి పోర్టల్ నిర్వహణ ప్రైవేటు సంస్థ చేతుల్లోంచి కేంద్ర ప్రభుత్వ రంగంలోని జాతీయ సమాచార కేంద్రానికి, అంటే ఎన్‌ఐసీకి మారింది. ఆ వెంటనే డిసెంబరులోనే డేటాబేస్ వెర్షన్ మార్పు చేపట్టారు. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది.

పదేళ్ల లోపే ఇన్నిసార్లు ఇల్లు మారిన సామాను అన్నమాట. ఇల్లు మారిన ప్రతిసారీ ఏదో ఒక వస్తువు పగలడమో, కనిపించకుండా పోవడమో జరుగుతుంది. ధరణి తొలినాళ్లలో రాష్ట్రవ్యాప్తంగా వచ్చిన ఫిర్యాదుల్లో పేర్లు తప్పుపడటం, విస్తీర్ణం తగ్గడం, సర్వే నంబరు కనిపించకపోవడం, సొంత పట్టా భూమి నిషేధిత జాబితాలోకి చేరడం వంటివే అధికం కావడం గమనార్హం. వీటిలో కొన్ని కాగితం నాటి తప్పులు, కొన్ని నమోదులో దొర్లినవి. ఏ తప్పు ఏ మజిలీలో జరిగిందో తేల్చే ఆధారం చేతిలో లేకపోవడమే రైతును కార్యాలయాల చుట్టూ తిప్పింది.

ఒక్క వరుస.. ఎన్నో పథకాలు

భూమి వివరాల డేటాబేస్‌లో రైతు పేరున ఉండేది ఒక్క వరుసే. దాని మీద ఆధారపడినవి మాత్రం అనేకం. 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా కింద రైతు ఏ కారణంతో మరణించినా కుటుంబానికి రూ.5 లక్షలు అందాలంటే పాసుపుస్తకం ఉండి తీరాలి. 2025 జనవరి 26న ప్రారంభించిన రైతు భరోసాలో ఎకరాకు ఏడాదికి రూ.12 వేల చొప్పున సాయం లెక్కకట్టింది పట్టాదారు వివరాల ఆధారంగానే. బ్యాంకు పంట రుణానికీ అదే ప్రాతిపదిక. అన్నారం బ్యారేజీ బ్యాక్‌వాటర్‌తో, వరదలతో 2019 తర్వాత పలుమార్లు చెన్నూరు, కోటపల్లి మండలాల్లో పత్తి, వరి నీట మునిగాయి. పరిహారం అడిగే రైతు తొలుత చూపాల్సింది ఆ భూమి తనదన్న ఆధారాన్నే.

ఇటువంటి పథకాలకు ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. ఆ తేదీ నాటికి డేటాబేస్‌లో పేరు ఉన్నవారే అర్హులు. సరిగ్గా ఆ ముందు వారంలో మార్పిడి వికటించి రిజిస్ట్రేషన్లు నిలిచిపోతే, భూమి కొన్న రైతుకు ఒక సీజను సాయం చేజారవచ్చు. తండ్రి పోయి వారసత్వ మార్పిడి కోసం ఎదురుచూస్తున్న కుటుంబానిదీ అదే స్థితి. సర్వరు గదిలో జరిగే సాంకేతిక లోపానికి మూల్యం చెల్లించేది అక్కడికి ఎన్నడూ వెళ్లని వ్యక్తి.

అసలు మార్చడమెందుకు?

బాగా నడుస్తున్న దాన్ని కదిలించడమెందుకన్న ప్రశ్న సహజమే. డేటాబేస్ సర్వరు కూడా ఒక ప్రోగ్రామే. దానికీ ఆయుష్షు ఉంటుంది. ప్రపంచవ్యాప్తంగా విరివిగా వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక్కో ప్రధాన వెర్షన్‌కు దాని రూపకర్తలు సుమారు ఐదేళ్లే మద్దతు ఇస్తారు. 12వ వెర్షన్‌కు 2024 నవంబరులో ఆ గడువు ముగిసింది. మైఎస్‌క్యూఎల్ 5.7 వెర్షన్‌కు 2023 అక్టోబరుతో కాలం చెల్లింది. ఈ డేటాబేస్‌లను సాధారణంగా నడిపేది లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద. సర్వర్లలో ఎంతో ప్రాచుర్యం పొందిన సెంట్‌ఓఎస్ 7 లైనక్స్‌కు కూడా 2024 జూన్ 30తో మద్దతు నిలిచిపోయింది. గడువు దాటిన తర్వాత బయటపడే భద్రతా లోపాలకు మందు దొరకదు. లక్షలాది రైతుల ఆధార్, బ్యాంకు, భూమి వివరాలున్న చోట ఆ సాహసం తగదు. కాబట్టి మార్పు తప్పనిసరి. తప్పించదగినది నష్టమే.

సర్వరు లేవకపోతే..

మార్పిడి వికటించడంలో మూడు దశలున్నాయి. మొదటిది సర్వరు అసలు లేవకపోవడం. చూడటానికి ఇదే భయంకరంగా ఉంటుంది. నిజానికి మూడింటిలో ఇదే తక్కువ ప్రమాదకరం. తప్పు జరిగిందని వెంటనే తెలుస్తుంది, లోపలి వివరాలు సాధారణంగా చెక్కుచెదరవు.

ఇక్కడ సాంకేతిక సిబ్బంది చేయాల్సిన తొలి పని ఏదీ చెరపకుండా ఉండటం. రెండో పని లాగ్ ఫైలు చదవడం. లైనక్స్‌లో ప్రతి సేవా తాను ఎందుకు ఆగిపోయిందో చిట్టాలో రాసిపెడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ప్రధాన వెర్షన్ మారితే డిస్కు మీద వివరాలు దాచే పద్ధతి మారుతుంది. పాత వెర్షన్ రాసిన ఫైళ్ల ముందు కొత్త ప్రోగ్రాంను నేరుగా నిలబెడితే, ఈ ఫైళ్లు తన వెర్షన్‌కు సరిపడవని చెప్పి అది ఆగిపోతుంది. అప్పుడు డేటా పాడైందని కంగారుపడి కొత్తగా డేటాబేస్ సృష్టించడం అసలు ప్రమాదానికి దారి. పాత ప్రోగ్రాంను తిరిగి ఎక్కించి, రెండు వెర్షన్లూ పక్కపక్కన ఉండగా, పీజీ అప్‌గ్రేడ్ అనే సాధనంతో మార్పిడి చేయడం సరైన పద్ధతి. ఏమీ మార్చకుండా కేవలం పరీక్షించి చెప్పే సదుపాయం అందులోనే ఉంది. దాన్ని ముందుగా నడిపితే అడ్డంకుల జాబితా చేతికి వస్తుంది.

మైఎస్‌క్యూఎల్‌లో తరచూ కనిపించే చిక్కు మరొకటి. 5.7లో పనిచేసిన క్వెరీ క్యాష్ అనే సదుపాయాన్ని 8.0 వెర్షన్‌లో తొలగించారు. పాత అమరికల ఫైలులో ఆ పేరుతో ఒక్క పంక్తి మిగిలినా కొత్త సర్వరు లేవనంటుంది. ఆ పంక్తి తీసేస్తే లేస్తుంది. ఇవి కాక డిస్కులో చోటు నిండిపోవడం, డేటా ఉన్న డైరెక్టరీ యజమాని మారడం, కొత్త డిస్కులోకి ఫైళ్లు మార్చినప్పుడు లైనక్స్ భద్రతా విభాగమైన ఎస్‌ఈలైనక్స్ అనుమతి నిరాకరించడం, పాత సర్వరు ఇంకా అదే పోర్టును పట్టుకుని ఉండటం సాధారణ కారణాలు. డెబియన్, ఉబుంటు రకాల లైనక్స్‌లో పాత, కొత్త పోస్ట్‌గ్రెస్‌లు రెండూ వేర్వేరు పోర్టుల్లో నడుస్తుంటాయి. మార్పిడి పూర్తికాకముందే అప్లికేషన్‌ను కొత్త పోర్టుకు కలిపితే ఖాళీ డేటాబేస్ దర్శనమిస్తుంది. వివరాలన్నీ మాయమయ్యాయన్న భ్రమ కలుగుతుంది. అవి పక్క గదిలో భద్రంగానే ఉంటాయి.

సర్వరు లేచినా పోర్టల్ తెరుచుకోకపోవడానికి తాళంచెవి మార్పు కూడా కారణం కావచ్చు. మైఎస్‌క్యూఎల్ 8.0, పోస్ట్‌గ్రెస్ 14 వెర్షన్లలో పాస్‌వర్డ్ సరిచూసే డిఫాల్ట్ పద్ధతులను కట్టుదిట్టం చేశారు. పాత పద్ధతి మాత్రమే తెలిసిన అప్లికేషన్ గుమ్మం దగ్గరే నిలిచిపోతుంది. దీనికి అప్లికేషన్‌ను సరిచేయాలి తప్ప, తొందరలో భద్రతను సడలించడం పరిష్కారం కాదు.

నడుస్తున్నా నడవనట్లే

రెండో దశలో సర్వరు లేస్తుంది, పోర్టల్ తెరుచుకుంటుంది, పని మాత్రం సాగదు. అర నిమిషంలో రావాల్సిన వివరం పావుగంటకూ రాదు. సోమవారం ఉదయం సేవలు తెరిచిన గంటలోనే రాష్ట్రవ్యాప్తంగా అన్ని మండలాలూ ఒక్కసారిగా తలుపు తడతాయి కనుక ఈ లోపం అప్పుడే బట్టబయలవుతుంది.

దీనికి ఒక నిర్దిష్ట కారణం ఉంది. ఏ పట్టికలో ఎన్ని వరుసలున్నాయి, ఏ వివరం ఎంత విస్తారంగా ఉందన్న గణాంకాలను డేటాబేస్ తన కోసం తాను దాచుకుంటుంది. ఖాతా నంబరు అడిగితే ఏ దారిలో వెతకాలో వాటిని బట్టే నిర్ణయిస్తుంది. పోస్ట్‌గ్రెస్ 17 వరకు వెర్షన్ మార్పిడిలో ఈ గణాంకాలు కొత్త చోటికి వచ్చేవి కావు. 2025 సెప్టెంబరులో విడుదలైన 18వ వెర్షన్‌లోనే వాటిలో అధిక భాగాన్ని వెంట తెచ్చుకునే ఏర్పాటు వచ్చింది. గణాంకాలు లేని సర్వరు ఊరు తెలియని కొత్త తపాలా ఉద్యోగి వంటిది. ఒక్క ఉత్తరం ఇవ్వడానికి గడపగడపా తిరుగుతుంది. మార్పిడి ముగిసిన వెంటనే, సేవలు తెరవకముందే, విశ్లేషణ ఆదేశంతో గణాంకాలను తిరిగి తయారు చేయించడం దీనికి మందు. ఇది మరిచి, సామర్థ్యం చాలడం లేదంటూ కొత్త యంత్రాలు కొనడం రోగం ఒకటైతే మందు మరొకటి వేయడమే.

అసలు ముప్పు మూడో దశలో

అన్నీ సవ్యంగా నడుస్తున్నట్లే కనిపిస్తూ తప్పుడు సమాధానం ఇవ్వడం మూడో దశ. పైకి ఏ హెచ్చరికా ఉండదు. సర్వరు డౌన్ కాదు. తెలుగులో పేర్లు దాచుకునే రికార్డులకు ఈ ముప్పు మరింత ఎక్కువ.

అక్షరాలను ఏ వరుసలో పేర్చాలన్నది పోస్ట్‌గ్రెస్ తరచూ లైనక్స్‌లోని జీలిబ్‌సీ అనే మూల గ్రంథాలయాన్ని అడిగి తెలుసుకుంటుంది. 2018 ఆగస్టులో విడుదలైన జీలిబ్‌సీ 2.28లో ఈ పేర్పు నియమాలను భారీగా సవరించారు. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది అంతకు ముందరి 2.17. అంటే సెంట్‌ఓఎస్ 7 గడువు ముగిసి కొత్త లైనక్స్‌కు తరలిన ప్రతి సర్వరూ ఈ గీత దాటింది. డేటాబేస్ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్లు కొత్త లైనక్స్‌కు మారిస్తే, పేర్ల సూచికలు పాత వరుసలోనే ఉంటాయి, వెతికేది మాత్రం కొత్త వరుసలో. అకారాది క్రమం మారిపోయిన నిఘంటువులో పదం వెతికినట్లు అవుతుంది. పేరు లోపల ఉన్నా లేదని సమాధానం వస్తుంది. ఉన్నది కనిపించకపోవడంతో ఒకే వివరం రెండోసారి నమోదయ్యే అవకాశమూ ఏర్పడుతుంది. సూచికలన్నిటినీ కొత్తగా నిర్మించడమే దీనికి విరుగుడు. వివరాలను పూర్తిగా బయటకు తీసి తిరిగి నింపే పద్ధతిలో సూచికలు ఎలాగూ కొత్తగా తయారవుతాయి కనుక ఈ చిక్కు రాదు. అయితే ఆ పద్ధతికి సమయం ఎక్కువ పడుతుంది.

లిపి సంకేతాల గందరగోళం మరొకటి. తెలుగు అక్షరాలను యూనికోడ్‌గా కాక మరో సంకేతంగా భావించి మార్పిడి చేస్తే పేర్ల స్థానంలో అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఇక్కడ ఒక తేడా కీలకం. తెర మీద వింత అక్షరాలు వస్తుంటే, లోపలి వివరం సాధారణంగా బతికే ఉంటుంది, సరైన సంకేతంతో చదివితే తిరిగి వచ్చే వీలుంది. కానీ వరుసగా ప్రశ్నార్థకాలే నిల్వ అయి ఉంటే అసలు అక్షరాలు పోయినట్లే. ఆ పేరును బ్యాకప్ నుంచో, కాగితం నుంచో తెచ్చుకోవాల్సిందే.

తెలంగాణలో గమనించాల్సిన మరో చిక్కు విస్తీర్ణం లెక్క. ఇక్కడ ఎకరాకు 40 గుంటలు. 1.20 అని రాస్తే ఒక ఎకరా 20 గుంటలు, అంటే ఎకరన్నర. దానికి 30 గుంటల ముక్క కలిపితే మొత్తం 2 ఎకరాల 10 గుంటలు. ఈ అంకెలను మామూలు దశాంశాలుగా భావించే ప్రోగ్రాం అదే కూడికకు 1.50 అని చెబుతుంది. గుంటల లెక్కన చదివితే అది ఒక ఎకరా 50 గుంటలు. అసలు ఉండరాని అంకె. గుంటల స్థానంలో 40 లేదా అంతకు మించిన అంకె ఎక్కడైనా కనిపిస్తే మార్పిడిలో పొరపాటు జరిగిందని ఇట్టే పట్టేయవచ్చు. దీన్ని కనిపెట్టడానికి నిపుణుడు అక్కరలేదు, సేద్యం లెక్కలు తెలిసిన ఎవరైనా చాలు.

వెనక్కి మళ్లే దారి ఎక్కడ మూతపడుతుంది?

మార్పిడి వికటిస్తే పాతదానికి తిరిగి వెళ్లొచ్చన్నది అందరూ చెప్పే ధైర్యం. అది ఎంతవరకు నిజమన్నదే ఈ వ్యవహారంలో అసలు ప్రశ్న. మైఎస్‌క్యూఎల్ 8.0కు మారిన డేటాను మళ్లీ 5.7కు నేరుగా దించే మార్గం లేదు. మార్పిడికి ముందు తీసిన బ్యాకప్‌ను తిరిగి ఎక్కించడమొక్కటే దారి. పోస్ట్‌గ్రెస్‌లో ఫైళ్లను నకలు చేయకుండా లంకె వేసి మార్చే వేగవంతమైన పద్ధతి ఉంది. గంటల పని నిమిషాల్లో ముగుస్తుంది. కానీ కొత్త సర్వరును ఒక్కసారి ప్రారంభించాక పాత దాన్ని వాడటం సురక్షితం కాదు. వేగానికి చెల్లించే మూల్యం తిరుగుదారి.

సాంకేతికంగా దారి తెరిచే ఉన్నా, చట్టపరంగా మూసుకుపోయే క్షణం మరొకటి ఉంది. అది సేవలను ప్రజలకు తెరిచే క్షణం. సోమవారం ఉదయం పోర్టల్ తెరిచి, మధ్యాహ్నానికి వందలాది దస్తావేజులు రిజిస్టరయ్యాక లోపం బయటపడిందనుకుందాం. గురువారం నాటి బ్యాకప్‌కు వెళితే ఆ దస్తావేజులన్నీ డేటాబేస్‌లో లేకుండా పోతాయి. డబ్బు చేతులు మారింది, సంతకాలు, వేలిముద్రలు పూర్తయ్యాయి, అమ్మిన వ్యక్తి పేరు మీదే భూమి మళ్లీ కనిపిస్తుంది. ఆ మధ్యలో అతను దాన్ని మరొకరికి అమ్మజూపితే వివాదం న్యాయస్థానానికి చేరుతుంది. వెళ్లకపోతే లోపంతోనే ముందుకు సాగాలి. అడకత్తెరలో పోకచెక్క పరిస్థితి. అందుకే గడువు కంటే తనిఖీ ముఖ్యం. ప్రకటించిన సమయానికి తలుపు తెరవాలన్న ఆరాటంతో తనిఖీ కుదిస్తే, కాపాడుకున్న ఒక్క పూట తర్వాత నెలల తరబడి శ్రమకు కారణమవుతుంది. మరో రోజు ఆలస్యమైందన్న విమర్శను భరించడమే తేలిక.

ఇతరుల అనుభవం

ఈ జాగ్రత్తలు ఊహాజనితం కావు. సాఫ్ట్‌వేర్ రూపకర్తలు వాడే గిట్‌ల్యాబ్ సేవలో 2017 జనవరి 31న ఒక ఇంజినీరు పొరపాటున అసలు పోస్ట్‌గ్రెస్ సర్వరులోని డేటాను చెరిపేశారు. రోజూ బ్యాకప్ తీస్తున్నామనుకున్న చోట వెతికితే ఏమీ లేదు. డేటాబేస్ 9.6 వెర్షన్‌లో ఉండగా, బ్యాకప్ తీసే సాధనం 9.2 వెర్షన్‌ది నడుస్తూ ప్రతిరోజూ విఫలమవుతోంది. ఆ వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్లూ గమ్యం చేరలేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు మరో పనికోసం తీసిన నకలు ఉండటంతో సేవ నిలిచింది. ఆ ఆరు గంటల వివరాలు మాత్రం తిరిగి రాలేదు. సంస్థ లోపాన్ని దాచక మరమ్మతును బహిరంగంగా ప్రసారం చేసింది, పూర్తి వివరణ ప్రచురించింది. బ్యాకప్ ఉందనుకోవడం కాదు, దాన్ని తిరిగి ఎక్కించి చూసినప్పుడే అది బ్యాకప్ అన్నది ఈ ఘటన నేర్పిన పాఠం.

బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో దాదాపు 52 లక్షల మంది ఖాతాలను కొత్త వ్యవస్థకు మార్చింది. డేటా చేరింది, వ్యవస్థ మాత్రం రద్దీకి తట్టుకోలేకపోయింది. లక్షలాది ఖాతాదారులు తమ సొమ్మును చూడలేకపోయారు. పూర్తిగా కుదుటపడటానికి ఆ ఏడాది డిసెంబరు వరకు పట్టింది. 2022 డిసెంబరులో అక్కడి నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా విధించాయి. తగిన పరీక్షలు, పర్యవేక్షణ లేకుండా మార్పిడికి దిగడమే తప్పిదమని తేల్చాయి. మన రాష్ట్రంలోనూ 2019 ఇంటర్మీడియట్ ఫలితాల గందరగోళంపై ప్రభుత్వం నియమించిన త్రిసభ్య కమిటీ సాఫ్ట్‌వేర్ లోపాలను, పర్యవేక్షణ కొరతను ఎత్తిచూపింది. ఇటువంటి ఉదంతాల్లో యంత్రం తప్పు కంటే సరిచూడని మనిషి తప్పే పెద్దదని తేటతెల్లమవుతోంది.

మండల స్థాయిలో చేయదగినవి

సర్వర్లు ఉండేది చెన్నూరులో కాదు. వాటి మరమ్మతు తహసీల్దారు చేతిలోనూ లేదు. అయినా మార్పిడి సవ్యంగా జరిగిందో లేదో సరిచూసే శక్తి మండలానికే ఎక్కువ. ఏ గ్రామంలో ఎన్ని ఖాతాలున్నాయి, మొత్తం విస్తీర్ణం ఎంత, ఎన్ని సర్వే నంబర్లు నిషేధిత జాబితాలో ఉన్నాయన్న మూడు అంకెలను మార్పిడికి ముందురోజు నమోదు చేసి, తర్వాతి రోజు తిరిగి తీసి పోల్చితే చాలు. ఒక్క ఖాతా తేడా వచ్చినా ఏ గ్రామంలో వచ్చిందో వెంటనే తెలుస్తుంది. ఆ అంకెలను గ్రామ పంచాయతీ కార్యాలయంలో అంటిస్తే ప్రజలే పహరా కాస్తారు. ప్రతి గ్రామం నుంచి కొన్ని ఖాతాలను ఎంచి, పాసుపుస్తకంతో పేరు అక్షరం అక్షరం పోల్చడం రెండో తనిఖీ. తెలుగు పేర్లలో దొర్లే తేడాను హైదరాబాద్‌లోని యంత్రం కంటే స్థానిక సిబ్బంది కన్ను ముందుగా పడుతుంది.

స్లాట్ల విషయంలోనూ స్పష్టత అవసరం. సేవల నిలిపివేత కారణంగా వాయిదాపడిన స్లాటుకు మళ్లీ రుసుము వసూలు చేయకుండా తదుపరి తేదీ ఇవ్వాలి. ఆ సమాచారం కార్యాలయం గుమ్మం దగ్గర కాక, ముందురోజే ఫోనుకు చేరాలి. కూలి మానుకుని సాక్షులుగా వచ్చేవారి ఆ రోజు ఆదాయాన్ని ఎవరూ తిరిగి ఇవ్వరు. నిలిచిపోయిన రోజున వచ్చినవారి వివరాలను రిజిస్టరులో రాసి, తేదీ వేసిన రసీదు ఇవ్వాలి. పథకాల కటాఫ్ తేదీ ఆ విరామంలో పడితే, ఆ రసీదునే ఆధారంగా స్వీకరించేలా ఉత్తర్వులు ఉండాలి. వ్యవస్థ లోపానికి వ్యక్తిని అనర్హుడిని చేయడం ఏ న్యాయసూత్రానికీ ఒప్పదు.

రైతుల వైపు నుంచి చేయగలిగిందీ లేకపోలేదు. మార్పిడి ప్రకటన వెలువడగానే తన ఖాతా వివరాల ప్రతిని తీసి దాచుకోవాలి. సేవలు తిరిగి మొదలయ్యాక పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, గుంటలతో సహా విస్తీర్ణం పోల్చి చూసుకోవాలి. తేడా ఉంటే ఆలస్యం చేయక రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. భూభారతి చట్టంలో అప్పీలు వ్యవస్థకు చోటు కల్పించారు. 2025 జూన్ 3 నుంచి 20 వరకు గ్రామాల్లో రెవెన్యూ సదస్సులు నిర్వహించి దరఖాస్తులు స్వీకరించారు. అవన్నీ కాగితాలుగానే మిగలకుండా ఉండాలంటే ప్రతి దిద్దుబాటూ ఎప్పుడు, ఎవరి ఆదేశంతో, ఏ పాత విలువ స్థానంలో జరిగిందో డేటాబేస్ తనలోనే నమోదు చేసుకోవాలి. ఆ చరిత్ర ఉంటేనే రేపటి మార్పిడిలో వచ్చిన తప్పును నిన్నటి తప్పు నుంచి విడదీయడం సాధ్యం.

డేటాబేస్ మార్పిడి ఇదే చివరిదీ కాదు. నేడు కొత్తదైన వెర్షన్‌కు కూడా మరికొన్నేళ్లలో గడువు తీరుతుంది. చెన్నూరు భూముల వివరాలు మళ్లీ ఇల్లు మారతాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే, తిరిగి ఎక్కించి చూసిన బ్యాకప్, రెండు వైపులా సరిపోయిన గ్రామాల లెక్క, వెనక్కి మళ్లాలా వద్దా అన్న నిర్ణయం ఈ మూడూ పూర్తయ్యాకే తలుపు తెరవడం అధికార యంత్రాంగం బాధ్యత. ఆ మూడింటినీ ప్రజల ముందు ఉంచితే, సర్వరు ఒక పూట ఆలస్యమైనా రైతు అర్థం చేసుకుంటాడు. పాసుపుస్తకంలో ఉన్న గుంట తెర మీద కనిపించకపోతే మాత్రం ఏ వివరణా అతన్ని సమాధానపరచలేదు.